పైన షవర్ సన్నగా వస్తోందని కింద టైల్స్ పగలగొట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరకాలలో 2011లో కట్టిన ఇల్లు. కింద మీరు నలుగురు, పైన కిరాయికి నలుగురు. పైన బాత్రూంలో షవర్ సన్నగా వస్తోంది. కింద చుట్టాలు వస్తే వాడే బాత్రూంలో ఎండాకాలం మొదలైనప్పటి నుంచి వాసన. హాల్లో టీవీ ఉన్న గోడకు చెమ్మ పట్టి లప్పం పొక్కులు లేస్తోంది. ప్లంబర్ వచ్చి పావుగంట చూసి, "పైపులన్నీ ఖరాబైనయ్ సార్, రెండు బాత్రూంలు పగలగొట్టి లైను మొత్తం కొత్తగ వేయాలె, లక్షన్నర అయితది" అన్నాడు. వేయించుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వేయించుకోవద్దు. ఆయన చెప్పింది అబద్ధమని నేను అనను, కానీ చూడకుండా చెప్పిన మాట. ఒక్క బకెట్టు నీళ్లు కూడా పట్టి చూడలేదు, డాబా ఎక్కలేదు అని మీరే రాశారు. నేను హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల 27 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులకు చేత్తో మరలు కోసిన రోజుల నుంచి చూస్తున్నా, ఒకే ఇంట్లో మూడు ఫిర్యాదులుంటే మూడింటికీ ఒకే కారణం ఉండటం నాకు చాలా తక్కువసార్లు కనిపించింది. మీవి మూడూ వేర్వేరు జబ్బులనే అనుకుంటున్నా. వాటిలో రెండింటికి టైలు ముట్టుకోవాల్సిన పని ఉండకపోవచ్చు.

ముందు షవర్. మీ ట్యాంకు డాబా మీద రెండు వరుసల ఇటుకల మీద ఉందన్నారు కదా, లెక్క వేసుకుందాం. పై అంతస్తు నేల నుంచి ట్యాంకు అడుగు దాకా సుమారు 11 అడుగులు. షవర్ 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ట్యాంకులో నీళ్లు అడుగుకు చేరినప్పుడు ఆ షవర్ మీద ఉన్నది 4 అడుగుల నీటి బరువే. పది మీటర్ల (33 అడుగుల) ఎత్తుకు ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ బరువు వస్తుంది. ఆ లెక్కన మీ పై షవర్‌కు 0.12 కేజీ. అదే కింద మీ బాత్రూం షవర్‌కు ఇంకో పదిన్నర అడుగులు కలిసి 0.44 కేజీ. మూడున్నర రెట్లు తేడా. పైపులు నిన్న వేసిన కొత్తవైనా ఈ తేడా ఎటూ పోదు. లక్షన్నర పెట్టి కొత్త లైను వేయించాక కూడా పైవాళ్లు అదే సన్నటి ధార కింద నిలబడి ఉంటారు.

అందుకే ఒక మాట తేల్చుకోండి. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఇంతేనా, మధ్యలో తగ్గిందా? మీరు అది రాయలేదు. పైన కిరాయికి ఉన్నవాళ్లు ఈ మధ్య మారారా అని కూడా అడుగుతున్నా. పాతవాళ్లు బకెట్టు, చెంబుతో స్నానం చేసి ఉంటారు, ఎవరికీ తెలిసి ఉండదు. కొత్తవాళ్లు పళ్లెమంత వెడల్పు షవర్ కొనుక్కొచ్చి బిగించుకుని ఉంటారు. అలాంటి షవర్లు ఒక కేజీ ప్రెషర్ ఉంటేగానీ సరిగ్గా కురవవు. నాకు ఏడాదిలో ఈ ఫిర్యాదులు ఎన్ని వస్తాయో చెప్పలేను. పైపు అలాగే ఉంది, షవర్ మారింది, తప్పు పైపు మీద పడింది.

కట్టినప్పటి నుంచీ ఇంతే అయితే దారి ట్యాంకును ఎత్తడమే. ఇప్పుడున్న చోటు కన్నా 5 అడుగులు లేపితే షవర్ మీద ఒత్తిడి రెట్టింపు దాటుతుంది, వచ్చే నీళ్లు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతాయి. 1000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే టన్ను. దాన్ని స్లాబు మధ్యలో ఇటుక దిమ్మ కట్టి పెట్టకండి. కింద పిల్లర్లు, బీములు ఎక్కడ వస్తున్నాయో ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచి చూపించుకుని వాటి మీదికే స్టాండు కాళ్లు వచ్చేలా పెట్టించండి. చాలామంది మెట్ల గది కప్పు మీదికి ఎక్కిస్తారు, అది మంచి చోటు. ఎలాగూ ట్యాంకు కదిపే పని పెట్టుకుంటే ఇంకోటి ఆలోచించండి. మీది మున్సిపాలిటీ. మిషన్ భగీరథలో మున్సిపాలిటీలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఎనిమిది మందికి 1080 లీటర్లు. మీకున్న 1000 లీటర్ల ట్యాంకు ఒక్క రోజుకు కూడా సరిగ్గా రాదు. రెండో ట్యాంకు పక్కన పెట్టి పైవాళ్లకు వేరే లైను ఇస్తే నీళ్ల పంచాయితీ కూడా తప్పుతుంది.

ప్రెషర్ పంపు పెట్టమని షాపువాళ్లు చెప్తారు. పనిచేస్తుంది, కాదనను. కానీ కరెంటు పోతే షవర్ పోతుంది, పైగా ఇన్నేళ్లుగా ఒక కేజీ కూడా ఎరగని కీళ్లన్నిటి మీదా ఒక్కసారిగా కేజీన్నర, రెండు కేజీలు పడతాయి. అప్పటిదాకా చెమర్చకుండా ఉన్న కీలు ఆ రోజు నుంచి చెమరుస్తుంది. హాల్లో చెమ్మ సంగతి తేలకుండా పంపు మాత్రం పెట్టించకండి.

ఒకవేళ మధ్యలో తగ్గిందంటే వెతకాలి. దానికి కావాల్సింది ఒక బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్. ట్యాంకు నిండా ఉన్నప్పుడు పైన బాత్రూం నల్లా, వాష్ బేసిన్, వంటగది సింకు, ఒక్కొక్కటీ పూర్తిగా తిప్పి బకెట్టు నిండటానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత కింద కూడా అంతే. పదిహేను నిమిషాల పని. పైన ఒక్క షవరే సన్నగా ఉండి దాని కింది నల్లా బాగా వస్తే లైను తప్పు కాదు, షవర్ రంధ్రాలు మూసుకుపోయాయి. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తే గీజర్ దగ్గరి యాంగిల్ కాక్ (నీళ్లు ఆపే చిన్న నల్లా), ఆ తర్వాత గీజరే. పైన అన్నీ సన్నగా ఉండి కింద బాగుంటే పైకి ఇచ్చిన దిగుడు పైపు, దాని వాల్వు. పైనా కిందా అన్నీ తగ్గితే ట్యాంకు నుంచి బయటికి వచ్చే మొదటి రెండు అడుగుల్లోనే ఏదో ఉంది.

ఆ మొదటి రెండు అడుగుల్లోనే నాకు సగం జబ్బులు దొరికాయి. ఒకసారి సుబేదారిలో ఒక ఇంట్లో మీలాగే పై అంతస్తు ఫిర్యాదు. నాకన్నా ముందు వచ్చినతను గోడ ఒకచోట పగలగొట్టి, పైపు కోసి, బాగానే ఉందని మళ్లీ అతికించి పోయాడు. నేను డాబా మీద గేట్ వాల్వ్ తిప్పితే పిడి హాయిగా తిరుగుతోంది, ఎంత తిప్పినా ఆగట్లేదు. పానాతో తల విప్పి చూస్తే లోపల ఇత్తడి పలక స్పిండిల్ నుంచి ఊడి కిందికి జారి, దారి ముప్పాతిక భాగం మూసి కూర్చుంది. దాని చుట్టూ సున్నం గారలా తెల్లటి పెచ్చు, గోటితో గీకితే రాలట్లేదు. పైన పిడి తెరిచి ఉన్నట్టే కనబడుతుంది, లోపల మూసి ఉంది. బాల్ వాల్వ్ పెట్టాను, ఇరవై నిమిషాల పని, సామాను వెయ్యిలోపు. అప్పటి నుంచి నేను ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ పెట్టడం మానేశాను. మన బోరు నీళ్లకు అది ఆరేడేళ్లలో బిగుసుకుపోతుంది. బాల్ వాల్వ్‌ను కూడా నెలకోసారి ఊరికే మూసి తెరుస్తుండండి, లేకపోతే అదీ పట్టేస్తుంది.

ట్యాంకు ఖాళీ అయ్యాక నీళ్లు నింపితే సన్నగా వస్తున్నాయా? అయితే గాలి పట్టింది. డాబా మీద పైపు నేరుగా కిందికి రాకుండా పిట్టగోడ దగ్గరో, బీము దగ్గరో కాస్త పైకి లేచి దిగితే ఆ మలుపులో గాలి ఇరుక్కుంటుంది. డాబా మీద పైపు ఎక్కడైనా వంకీ తిరిగి లేచిందేమో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. ట్యాంకు వాల్వు దాటిన వెంటనే ఒక టీ ఆకారపు జాయింటు వేసి, ట్యాంకు కన్నా ఎత్తుగా ఒక గాలి పైపు నిలబెడితే ఆ బాధ పోతుంది. పైన నోరు కిందికి వంచి జాలీ కట్టండి, లేకపోతే కందిరీగలు గూళ్లు పెడతాయి.

ఇక "పైపులన్నీ ఖరాబైనయ్" అన్న మాట. 2011లో కట్టిన ఇంట్లో లోపల జీఐ పైపు ఉండే అవకాశం తక్కువ. నల్లా విప్పి గోడలోకి టార్చి కొట్టండి, లేదా డాబా మీద దిగుడు పైపు చూడండి. లేత పసుపు, మీగడ రంగులో ఉంటే సీపీవీసీ. తెల్లగా ఉంటే యూపీవీసీ. ఈ రెండూ ప్లాస్టిక్ పైపులే, తుప్పు పట్టవు, పదమూడు పద్నాలుగేళ్లకు చచ్చిపోవు. ఇనుప పైపైతే మాత్రం నేను చెప్పేది వేరు. ముప్పై ఏళ్ల నాటి అర ఇంచు జీఐ పైపు కోసి చూస్తే లోపల పెన్సిల్ పట్టేంత దారి మిగిలిన ఇళ్లు చూశాను. అది మార్చాల్సిందే. ఒక్క భయం మాత్రం ఉంది. గీజర్ నుంచి వచ్చే వేడి లైను తెల్ల యూపీవీసీతో వేశారేమో చూసుకోండి. సీపీవీసీ 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, యూపీవీసీ వేడినీళ్లకు మెత్తబడి వంగుతుంది. వేసి ఉంటే ఆ ఒక్క లైను మార్పించుకోండి.

పైపులు పాడు కాకపోయినా మన నీళ్లు ఊరుకోవు. వరంగల్ చుట్టుపక్కల నేల కింద ఉన్నది గ్రానైట్, నీస్ రాయి. ఆ పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా, గట్టిగా, అంటే సున్నం ఎక్కువగా ఉంటాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. సబ్బు నురగ రాకపోవడం, నల్లా మూతి చుట్టూ తెల్లటి పెచ్చు, గీజర్ ఏడాదికే గుర్రుమనడం చూశారంటే మీ నీళ్లు ఎటు ఉన్నాయో ఊహించుకోవచ్చు. షవర్ తల, నల్లా మూతిలోని జాలీ విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బాత్రూం యాసిడ్ పోయకండి, నికెల్ పూత పోతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి. వచ్చేది క్లోరిన్ విషవాయువు. తలుపు మూసుకుని బాత్రూం కడుగుతూ ఆ రెండూ కలిపి, తర్వాత ఊపిరాడక ఆసుపత్రికి పోయినవాళ్లు నాకు తెలుసు.

గీజర్‌ను ఎక్కువ మందికి ఎక్కువ వేడి కావాలని 75 డిగ్రీలకు పెడితే సున్నం ఇంకా తొందరగా పడుతుంది. 55, 60 దగ్గర ఉంచండి. లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది ముందు కరిగిపోతుంది. మన నీళ్లకు రెండేళ్లకోసారి విప్పించి చూడాలి. దాని గురించి కొన్నప్పుడు చెప్పే షాపువాడు మాత్రం నాకింకా తగల్లేదు.

ఇప్పుడు చెమ్మ. నిజంగా డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తే ఇక్కడే. అందుకే దీన్ని నిదానంగా పట్టుకోండి.

చెమ్మ కనిపించే చోటే లీకు ఉంటుందనుకోవద్దు. నీళ్లు స్లాబు మీద పారి, గొట్టం వెంట జారి, ఎక్కడ దారి దొరికితే అక్కడ దిగుతాయి. ముందు మచ్చ ఆకారం చూడండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా, గోడ పొడవునా సమంగా ఉంటే అది పునాది నుంచి పైకి పాకే తేమ. దానికీ పైపులకూ సంబంధం లేదు. వానాకాలం నాలుగు నెలలే వచ్చి పోతుంటే డాబా, పిట్టగోడ, బయటి గోడ పగుళ్లు చూడాలి. ఎండాకాలంలో కూడా ఉంది, పైగా ఒక చోట కేంద్రంగా గుండ్రంగా విస్తరిస్తోంది అంటే అప్పుడు నీళ్ల పైపో, బాత్రూమో. మీరిప్పుడు ఏప్రిల్లో రాశారు, వాన లేదు. టీవీ గోడ వెనక పైవాళ్ల బాత్రూం లేదు కానీ పక్కనే మీ బాత్రూం ఉందన్నారు. కాబట్టి పైపు అనే అనుమానిద్దాం.

తేల్చుకోవడానికి ఒక రాత్రి పెట్టుకోండి. పదింటికి ట్యాంకు నింపి, మోటారు, ట్యాంకులోకి వచ్చే నల్లా రెండూ ఆపేయండి. ఒక కర్ర ట్యాంకులోకి దించి నీటి మట్టం దగ్గర గీత పెట్టుకోండి. పైవాళ్లకు చెప్పి రాత్రంతా ఎవరూ నల్లా తిప్పకుండా చూడండి. ఎవరైనా లేచి ఫ్లష్ కొడితే ఎన్నిసార్లు కొట్టారో చెప్పమనండి. పొద్దున ఐదింటికి మళ్లీ అదే కర్ర. 1000 లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గిందంటే తొమ్మిది, పది లీటర్లు పోయినట్టు. ఏమీ తగ్గకపోతే నీళ్లు తెచ్చే పైపుల్లో లీకు లేదు, బాత్రూం నేల కింద వెళ్లే పైపుల సంగతి చూడాలి. తగ్గితే ఆ మర్నాడు రాత్రి పైకి పోయే వాల్వు మూసి మళ్లీ చూడండి, ఆ తర్వాత కిందికి పోయేది. ఏ దిగుడు పైపు మూస్తే మట్టం ఆగిందో లీకు దాని మీదే.

అంతకన్నా ముందు ఫ్లష్ ట్యాంకులు కారట్లేదని తేల్చుకోండి, ఎందుకంటే అవి ఎవరికీ తెలియకుండా కారుతాయి. బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి అరగంట ఆగండి. కమోడ్‌లో నీలం రంగు కనిపిస్తే లోపల రబ్బరు వాషర్ పోయింది. లోపలి సామాను మార్చుకుంటే చాలు. మీ మోటారు రోజుకు మూడుసార్లు వేయాల్సి వస్తోందన్నది కూడా దీనితోనే తేలవచ్చు.

బాత్రూం నేల పరీక్ష ఇలా. నహాని ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) నోట్లో గుడ్డ గట్టిగా కుక్కి, పైన ప్లాస్టిక్ కవరులో ఇసుక పోసి మూటలా బరువు పెట్టండి. రెండు అంగుళాల ఎత్తు నీళ్లు నిలబెట్టి గోడకు పెన్సిల్ గీత పెట్టి ఒక రోజు వదిలేయండి. గడప దాటకుండా ముందే మట్టి కట్ట వేసుకోండి. నీళ్లు తగ్గాయి, అటుపక్క గోడ ఎక్కువ తడిసింది అంటే టైళ్ల సందుల్లోంచో, ట్రాప్ చుట్టూ ఉన్న అంచు నుంచో దిగుతోంది. నూటికి డెబ్బై ఇళ్లలో నాకు ట్రాప్ చుట్టూ అంచే దొరికింది. ఆ ఒక్క వరుస టైళ్లు తీసి, వాటర్‌ప్రూఫింగ్ రాసి, సందులకు ఎపాక్సీ పట్టిస్తే పోయేదానికి బాత్రూం మొత్తం పగలగొట్టాల్సిన పని లేదు.

టీవీ గోడ అన్నారు కాబట్టి ఒకటి అడగాలి. ఆ గోడకు ఈ నాలుగైదేళ్లలో ఎవరైనా డ్రిల్లు పెట్టారా? అటువైపు బాత్రూంలో టవల్ కడ్డీయో, అద్దమో, సబ్బు అరయో బిగించారా? ఎందుకడుగుతున్నానంటే వడ్డేపల్లి దగ్గర ఒక ఇంట్లో అచ్చం ఇలాంటి మచ్చే వచ్చింది. ముగ్గురు చూసి పోయారు. గోడ నున్నగా ఉంది, కీలు ఎక్కడా లేదు, లైను మొదట్లో వేసినతన్ని తెచ్చి చూపిస్తే "ఇక్కడ జాయింటే వేయలేదు" అని ఒట్టేశాడు. నిజమే, వేయలేదు. నేను బాత్రూంలో నిలబడి మచ్చకు ఎదురుగా ఏముందో చూస్తే టవల్ కడ్డీ. కుడివైపు మర మీద మాత్రం ఎర్రటి తుప్పు మరక, ఎడమవైపుది మెరుస్తోంది. ఆ మర విప్పుతుంటే చివరి రెండు చుట్లకు చెమ్మ తగిలింది, పూర్తిగా తీయగానే వెంట్రుకంత సన్నటి నీటి ధార నా చొక్కా మీద కొట్టింది. దసరాకు రంగులు వేయించినప్పుడు బిగించిన కడ్డీ అది. డ్రిల్లు పైపును తాకింది, మర వచ్చి ఆ రంధ్రాన్నే మూసింది, రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. తుప్పు పట్టి మర సన్నబడ్డాక చెమ్మ మొదలైంది. రెండు టైళ్లు తీసి, జానెడు పైపు కోసి, రెండు కప్లర్లు వేసి అతికించాం. ఆ ఇంటాయన ముందు వచ్చినవాళ్లు ఇచ్చిన అంచనా కాగితం నాకు చూపించాడు, అందులో కూడా "మొత్తం లైను" అనే ఉంది.

పైపు అతికించాక తొందరపడొద్దని మాత్రం ప్లంబర్‌కు చెప్పండి. సీపీవీసీకి సీపీవీసీ జిగురే వాడాలి, తెల్ల పైపుకు పూసేది కాదు. దూర్చాక పావు తిప్పు తిప్పి అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పైపు తనంత తానే వెనక్కి వస్తుంది. ఒక రోజు ఆరనిచ్చి, గోడ మూయకముందే చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి చూడమనండి. మీ పాత లైనుకు నాలుగైదు కేజీలు చాలు, గీజర్, ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాకులు మూసి ఉంచాలి. మీటరు ముల్లు గంటసేపు కదలకుండా ఉంటేనే సిమెంటు పూయనివ్వండి. ఈ పంపు లేని ప్లంబర్‌తో గోడ మూయించకండి. మూసే ముందు ఫోన్లో ఫోటోలు తీసుకుని, పక్కన టేపు పెట్టి నేల నుంచి ఎంత ఎత్తులో పైపు పోతోందో కనబడేలా పెట్టుకోండి. మళ్లీ ఎవరైనా కడ్డీ బిగిస్తామంటే చూపించొచ్చు.

వాసన సంగతి చిన్నది. చుట్టాలు వస్తేనే వాడే బాత్రూం అన్నారు. సగం జవాబు అందులోనే ఉంది. ట్రాప్‌లో ఎప్పుడూ సుమారు రెండు అంగుళాల నీళ్లు నిలిచి ఉండి, అవతలి వాసన ఇవతలికి రాకుండా ఆపుతాయి. మన 44, 45 డిగ్రీల ఎండలకు వాడని బాత్రూంలో ఆ నీళ్లు రెండు మూడు వారాల్లో ఎగిరిపోతాయి. ఒక చెంబు నీళ్లు పోసి చూడండి, వాసన ఆగితే అదే కారణం. ఇక వారానికోసారి పోయండి. ఊరు పోయేటప్పుడు పైన ఒక చెంచా వంటనూనె వేస్తే నీళ్లు ఆలస్యంగా ఆరుతాయి. పోయినా ఆగకపోతే జాలీ తీసి లోపల వాసన ఆపే చిన్న గిన్నెలాంటి కప్పు ఉందో లేదో చూడండి. వెంట్రుకలు పట్టి నీళ్లు నిలుస్తున్నాయని కడిగేవాళ్లు దాన్ని పీకి పక్కన పెడతారు, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. వాష్ బేసిన్ గొట్టం నేల రంధ్రంలోకి ఊరికే దూర్చి ఉంటే అక్కడా వాసన వస్తుంది. దానికి ఒక బాటిల్ ట్రాప్ (బేసిన్ కింద నీళ్లు నిలిపి వాసన ఆపే సీసాలాంటి గిన్నె) పెట్టండి.

పైన ఫ్లష్ కొట్టినప్పుడు కింద ట్రాప్ గుడగుడమంటే మాత్రం వేరే సంగతి. పై నుంచి వచ్చే నీళ్లు కింది ట్రాప్‌లోని నీళ్లను లాగేస్తున్నాయి. దిగుడు మలమూత్రాల గొట్టాన్ని డాబా దాటి పైకి తీసి వదిలారా, లేక స్లాబు దగ్గరే మూత పెట్టి ఆపేశారా చూడండి. వదిలినా పిట్టగూడు కట్టి ఉండొచ్చు.

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తీయించారో రాయలేదు. ఎనిమిది మందికి మూడేళ్లకోసారి తీయించాలి. మేడారం జాతర ముందు చుట్టాలు దిగినప్పుడు చాలా ఇళ్లల్లో కమోడ్ పొంగేది ఇందుకే. తీయించినా మనిషిని మాత్రం లోపలికి దింపొద్దు, నిమిషంలో ప్రాణం తీసే వాయువులు ఉంటాయి, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. లారీ పైపుతోనే లాగించాలి. లాగిన దాన్ని ఎక్కడ పోస్తున్నారో అడగండి. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే దీనికి నియమాలు పెట్టింది, అమ్మవారిపేటలో శుద్ధి చేసే కేంద్రం ఉంది. రాత్రిపూట ఊరి బయటి మోరీలోనో, చెరువు పక్కనో వదిలేస్తే మళ్లీ మన బోర్లలోకే వస్తుంది. మీ బోరుకూ సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ మధ్య దూరం కొలవండి. 60 అడుగులు ఉండాలి. లేకపోతే ఆ బోరు నీళ్లు తాగొద్దు, వాడకానికే ఉంచుకోండి.

తాగే నీళ్ల మాట వచ్చింది కాబట్టి, వీధి నల్లాకు నేరుగా మోటారు బిగించి ఉంటే తీసేయండి. పక్కింటివాళ్లకు నీళ్లు రాకపోవడం ఒక తప్పు. అంతకన్నా పెద్దది, మోటారు లాగినప్పుడు పైపు ఎక్కడ పగిలి మోరీ పక్కన ఉంటే అక్కడి మురికి లోపలికి వస్తుంది, ఆ నీళ్లు మీ వంటింట్లోకే చేరతాయి. నల్లాను సంపులో వదిలి, సంపు నుంచి మోటారుతో ఎక్కించండి. నల్లా నుంచి వంటింటికి ఒక సన్న పైపు విడిగా లాగితే బోరు నీళ్లతో కలవని తాగునీళ్లు దొరుకుతాయి.

ఆ ప్లంబర్‌ను మళ్లీ పిలవడం మానకండి. బహుశా మంచి పనివాడే, రోజుకు పది ఇళ్లు తిరుగుతూ పావుగంటలో జవాబు చెప్పాల్సి వచ్చి ఉంటుంది. "అన్నా, ఈ బకెట్టు లెక్కలు చూడు, ఈ రాత్రి ట్యాంకు ఇంత తగ్గింది, ట్రాప్ చుట్టూ నీళ్లు దిగుతున్నయ్, మొదట ఆ అంచు తీద్దాం" అని కాగితం చేతిలో పెట్టండి. రోజు కూలీకి మాట్లాడుకోండి, పాయింటు (ఒక్కో నల్లాకు ఇంత అనే) లెక్కన కాదు. వెతికే పనికి పాయింటు లెక్క పెడితే ఎవరూ వెతకరు. సామాను మీరే కొనండి.

ఈ శనివారం పగలు బకెట్టు పరీక్ష, నీలిమందు, ట్రాప్‌లో చెంబు నీళ్లు అయిపోతాయి. ట్యాంకు కర్ర పరీక్ష శనివారం రాత్రే పెట్టుకోండి, పైవాళ్లకు ముందే చెప్పి ఒక బకెట్టు నీళ్లు పట్టి ఉంచుకోమనండి. ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో, ఏ వాల్వు మూస్తే ఆగిందో రాయండి, టీవీ గోడకు అటుపక్క ఏమేం బిగించి ఉన్నాయో కూడా.